మట్టికి ముచ్చట్లెక్కువైనయి

ఇప్పటి పిల్లలు బొమ్మ గీస్తున్నానని చెప్పరు. "మెటీరియల్‌తో పని చేస్తున్నా" అంటారు. ఏం మెటీరియల్ బిడ్డా అంటే ఒకడు టీ డికాషన్ అంటాడు, ఒకామె ఇనుప తుప్పు అంటుంది. ఇంకొకాయన మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీల పొగగొట్టాల్లోంచి మసి గోకి తెచ్చానని గొప్పగా చెప్తాడు. మంచిదే. మరి ఆ మసితో ఏం గీసినవంటే కాగితం మీద ఒక మరక చూపిస్తాడు. మరక పక్కన గోడకు ఒక చీటీ అంటించి ఉంటుంది. మరకను అర నిమిషం చూసి, చీటీని ఐదు నిమిషాలు చదవాలి. చదివినా నాబోటివాడికి తలకెక్కదు. మా రోజుల్లో చీటీ సంతలో బియ్యం బస్తా మీద ఉండేది, లోపల ఏముందో తెలియడానికి. బొమ్మకు చీటీ కట్టే అవసరం ఎవరికీ రాలేదు.

నేను ఈ మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల జిల్లా పరిషత్ బడుల్లో డ్రాయింగ్ సారుగా చేసి రిటైరైనవాణ్ణి. డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు పాసై, ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరిన తరం. మా చదువంతా ఒక కుండ, ఒక చెక్కపెట్టె, మీద ఒక పుస్తకం. వెలుగు ఎడమ పక్క నుంచి రావాలి, నీడ కుడి పక్కకు పడాలి. మనిషి బొమ్మ సిలబస్‌లో నామమాత్రం. మనిషిని గీయడం నేర్చుకోవాలంటే బస్టాండుకు పోవాలి, సంతకు పోవాలి, కల్లు కంపౌండుకు పోవాలి. అక్కడ కూర్చున్నవాడు కాసేపు కదలడు కాబట్టి లైఫ్ స్టడీకి అంతకు మించిన చోటు లేదు. అట్లా పోయొచ్చినప్పుడల్లా ఇంట్లో లొల్లి అయ్యేది. అది వేరే కథ.

కాగితానికి కరువు. డ్రాయింగ్ షీటు కొంటే రెండు వైపులా గీయాల్సిందే. పెళ్లి పత్రిక వెనక, పాత క్యాలెండర్ వెనక, కిరాణా కొట్లో పొట్లం కట్టిన కాగితం మడతలు సాపు చేసి దాని మీద, దొరికినదాని మీదల్లా గీశాం. దాన్ని మేము ప్రయోగం అనలేదు. పైసల్లేక గీశాం. పొట్లం కాగితానికి నూనె అంటి ఉంటే పెన్సిల్ జారిపోయేది, బొగ్గు అసలే పట్టేది కాదు. అట్లాంటప్పుడు ఆ నూనె మరకనే బర్రె కడుపో ముసలమ్మ కొప్పో చేసి, దాని చుట్టూ గీసేవాళ్లం. మావాళ్లలో కొందరికి ఈ విద్య బాగా అబ్బింది.

ఇక బొగ్గు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

ఇప్పుడంటే మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా తొవ్వ పొడుగునా వెంచర్ల జెండాలు. అప్పుడు ఇదంతా ద్రాక్షతోటల సీమ. అనాబ్‌షాహి పందిళ్ల కింద నడిస్తే ఎండ నెత్తికి తగిలేది కాదు. ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు ఉంటుంది, ఎండాకాలం మొదట్లో ఒకసారి, దసరా రోజులు దాటాక ఒకసారి. కత్తిరించిన తీగలు గట్ల మీద కుప్పలు పడి ఉండేవి. రైతులకవి పొయ్యిలోకి, మాకు బొగ్గుకు. పెన్సిలంత లావున్న పుల్లలు ఏరుకొచ్చి, బెరడు ఒలిచి, నీడలో ఎండబెట్టేవాళ్లం. రేకు డబ్బాలో సందు లేకుండా నిలువుగా పేర్చి, మూతకు మేకుతో చిన్న బొక్క కొట్టి, తీగతో బిగించి మంటలో పెట్టాలి. మొదట తెల్ల పొగ వస్తుంది. తరువాత ఆ బొక్క దగ్గర పొగే అంటుకుని చిన్న దీపంలా మండుతుంది. అది ఆరిపోయి, పొగ పూర్తిగా ఆగాక డబ్బా తీయాలి. తీశాక తెల్లారేదాకా మూత తెరవకూడదు. ఆత్రానికి తెరిస్తే గాలి తగిలి లోపలిదంతా బూడిద. నా శిష్యుల్లో సగం మంది బూడిద చూసినవాళ్లే.

ద్రాక్ష బొగ్గు మెత్తన. నలుపులో కొంచెం బూడిద ఛాయ ఉంటుంది, దస్తీతో ఒక్క తుడుపు తుడిస్తే చాలా మటుకు పోతుంది. కణుపు దగ్గర టప్పున విరుగుతుంది. చింతపుల్ల బొగ్గు గట్టిది, సన్నటి గీతకు అదే. శ్రీకాళహస్తిలో కలంకారీవాళ్లు బట్ట మీద మొదటి గీత చింతపుల్ల బొగ్గుతోనే గీస్తారు. ఎప్పుడో ఒక పుస్తకంలో చదివాను, ఇటలీలో చెన్నినో చెన్నిని అనే ఆయన 1400 ప్రాంతంలో చిత్రకారులకు ఒక చేతిపుస్తకం రాశాడట. విల్లో పుల్లల్ని కుండలో పెట్టి, మూతకు మట్టి మెత్తి, రొట్టెలు కాల్చేవాడి పొయ్యిలో రాత్రంతా ఉంచమని అందులో ఉంది. అంటే మా రేకు డబ్బా విద్యే. ద్రాక్షతీగ బొగ్గంటే యూరప్‌లో పేరున్న సరుకు, ఇప్పటికీ అట్టపెట్టెల్లో అమ్ముతారు. మా మనవరాలు ఆన్‌లైన్‌లో తెప్పించింది. ధర చూసి నాకు చెమట పట్టింది. ద్రాక్షతోటల మీద ప్లాట్లు కొట్టి అమ్ముకుని, ద్రాక్షపుల్ల బొగ్గును సముద్రాలు దాటించి తెప్పించుకునే ఊరైంది మాది. ఏం చెప్పాలి.

బొగ్గు గీత కాగితం మీద నిలవదు, రాలుతుంది. నిలబెట్టడానికి ఇప్పుడు స్ప్రే డబ్బాలున్నాయి. కొందరైతే ఆడవాళ్లు జుట్టుకు కొట్టుకునే స్ప్రే కొడతారు, నాలుగేళ్లలో కాగితం పసుపెక్కుతుంది. మేము గంజి పలుచగా తీసి, దూరం నుంచి నోటితో ఊదేవాళ్లం. పాలల్లో నీళ్లు పోసి ఊదడం కూడా ఉంది. వాన్‌గో అంతటివాడే తన బొమ్మల మీద పాలు పోసుకున్నాడు. మా ఇంట్లో మాత్రం పాలు గోడపాలు చేస్తున్నానని మాటలు పడ్డాను.

ఇంతవరకు చెప్పింది వింటే మావన్నీ గొప్ప అని చెప్పుకుంటున్నట్టుంటుంది. నిజంగానే చెప్పుకుంటున్నాను. అయితే నా కోపం వేరే ఉంది. తుప్పు వాడారని కాదు, మసి వాడారని కాదు. తుప్పు మనకు కొత్తా? కాళహస్తిలో తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడితే వచ్చేదే కలంకారీ నలుపు. పాలల్లో కరక్కాయ కలిపి పట్టించిన బట్ట మీద ఆ నీళ్లతో గీస్తే మొదట గీత మసకగా, ఉందా లేదా అన్నట్టుంటుంది. చూస్తుండగా నల్లబడుతుంది. కలానికి చుట్టిన ఉన్ని ఉండను వేలితో నొక్కుతూ గీయాలి. ఎక్కువ నొక్కితే మరక, తక్కువ నొక్కితే తెగిపోయిన గీత. చెయ్యి ఆగిందా, అక్కడ చుక్క నిలబడుతుంది. అందుకే కాళహస్తి బొమ్మలో రాముడి భుజం నుంచి మోచేయి దాకా గీత ఒక్క ఊపిరిలో వస్తుంది. అది గీసినవాడి గొప్పతనం ఒక్కటే కాదు, ఆ ఊరబెట్టిన ఇనుప నీళ్లు వాడిచేత అట్లా గీయించాయి.

మసి సంగతీ అంతే. చేర్యాలలో పటాలు గీసే నకాషీవాళ్లు దీపం మసి పట్టి, జిగురు కలిపి నలుపు చేసుకునేవాళ్లు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, బంక నీళ్లు కలిపి పూతల మీద పూతలు పెట్టి గట్టిపరుస్తారు. ఆ గట్టి నేల మీద కుంచె నేరుగా నడుస్తుంది. అందుకే చేర్యాల పటంలో కన్ను అంత నిక్కచ్చిగా ఉంటుంది, ముక్కు కత్తితో కోసినట్టుంటుంది. మందహెచ్చులవాళ్లు, కాకిపడగలవాళ్లు ఆ పటాలు విప్పి రాత్రిపూట కథ చెప్పేవాళ్లు. వెనక కూర్చున్నవాడికి కూడా బొమ్మ కనబడాలి. గీత గట్టిగా లేకుంటే కథ సాగదు. సిద్దిపేట కాపు రాజయ్య సారు (1925–2012) ఆ నకాషీ గీతను తన బోనాల బొమ్మల్లోకి, బతుకమ్మ బొమ్మల్లోకి తెచ్చుకున్నాడు. శామీర్‌పేట మీదుగా పోయే తొవ్వే సిద్దిపేటకు. ఆ తొవ్వ ఇప్పుడు రాజీవ్ రహదారి. దాని మీద కార్లు సిద్దిపేటకు పోతున్నాయో ఫామ్‌హౌస్ పార్టీలకు పోతున్నాయో దేవుడికెరుక.

ఇంటింటి ముచ్చట కూడా చెప్పనీయండి. పండుగకు ముందు మా ఊళ్లలో ఆడవాళ్లు గోడలకు జాజు పూసేవాళ్లు. ఎర్రమన్ను నానబెట్టి, గుడ్డ ముంచి, గోడ అడుగున బారెడు ఎత్తున ఎర్ర పట్టీ. దాని పైన సున్నంతో తెల్ల చుక్కలు, వేలితోనే. మా వీధిలో ఒకామె ఆ జాజుగుడ్డతోనే గద్దె పక్కన నెమలిని వేసేది. నెమలి మెడ ఒక ఊపు, తోక ఒక ఊపు. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను, మణికట్టు తిప్పి గీయాలని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆమె భుజం తిప్పి గీసేది. గుడ్డలోంచి ఎర్ర నీళ్లు కారుతుంటే ముక్కూ వేళ్లూ గోళ్లూ గీయలేవు, మొత్తం ఒంటినే గీయాలి. కారిపోయిన నీళ్లు కూడా ఈకల్లో కలిసిపోయేవి. ఆ నెమలికి ఎవరూ చీటీ పెట్టలేదు. వచ్చే పండుగకు దాని మీదే మళ్లీ జాజు పూసింది.

ఇదీ నా గొడవ. చేతిలో వస్తువు మారితే గీత మారాలి. గీత మారితే ఆ గీతలో మనిషి కూర్చునే తీరు, నిలబడే తీరు, బరువు మోసే తీరు మారాలి. ఇప్పుడు చూస్తున్నవాటిలో చాలా మటుకు ఏముంది? ఫోన్‌లో ఫోటో తీసుకుంటారు. దాన్ని కాగితం మీదికి ప్రొజెక్టరుతో వేసి పెన్సిల్‌తో అచ్చు దింపుతారు. అచ్చు దింపిన గీతలో పెన్సిలుకు బదులు కాఫీ నింపుతారు. ఇంకేముంది, మెటీరియల్ ప్రయోగం. ఆ కాఫీ బదులు సిరా నింపినా అదే బొమ్మ, రంగు పెన్సిలు నింపినా అదే బొమ్మ. పైగా దగ్గరనుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఆ వంకర కూడా ఉన్నదున్నట్టు దించుతారు. అడిగితే "అది లెన్స్ లాంగ్వేజ్" అన్నాడొకడు. నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

ఇంకొక మాట. పసుపుతో, బీట్‌రూట్‌తో గీసేవాళ్లున్నారు. కంటికి బాగుంటుంది. కిటికీ పక్కన పెడితే ఎండకు పసుపు పారిపోతుంది, బీట్‌రూట్ అంతకంటే ముందే గోధుమ రంగుకు తిరుగుతుంది. న్యూస్‌పేపరు మీద గీస్తే కాగితమే పచ్చబడి పెళుసైపోతుంది. ఎర్రమన్ను అట్లా కాదు, అందులో ఉన్నది ఇనుము. భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్ట రాళ్ల మీద ఎర్రమన్ను బొమ్మలు వేల ఏళ్ల నాటివి ఇప్పటికీ కనిపిస్తాయి. గీసినవాళ్ల పేరు లేదు, చీటీ లేదు. మనిషి మాత్రం ఉన్నాడు, చేతులు చాపి.

వస్తువు మారితే గీత ఎట్లా మారుతుందో చూపించినవాళ్లు మన దగ్గరే ఉన్నారు కాబట్టే ఇంత మాట్లాడుతున్నాను. లక్ష్మాగౌడ్ గారు 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్ ప్రభుత్వ కళాశాలలో డిప్లొమా చేసి, బరోడా పోయి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. అరవైలు, డెబ్బైల్లో ఆయన పెన్నుతో, నల్ల సిరాతో గీసిన బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు నాకు ఊపిరాడలేదు. వెంట్రుకంత గీతలు. అడ్డంగా, నిలువుగా, ఒకదాని మీద ఒకటి. అందులోంచి మేక లేస్తుంది, చెట్టు లేస్తుంది. చెట్టులోంచి ఆడమనిషి, ఆమె పక్కన మగవాడు. ఊళ్లో అందరూ ఎరిగిన సంగతులనే ఆయన సిగ్గుపడకుండా గీశారు. మా స్టాఫ్ రూములో ఆ బొమ్మలున్న పత్రికను తిరగేసి పెట్టేవాళ్లు. అందరూ వెళ్లాక మళ్లీ తిరగేసుకుని చూసేవాళ్లు కూడా వాళ్లే.

తరువాత ఆయన జింకు రేకుల మీదికి పోయారు. రేకు మీద మైనపు పూత, దాన్ని సూదితో గీరడం, ఆసిడ్‌లో ముంచడం. గీరినచోట ఆసిడ్ రేకును తింటుంది. ఎంతసేపు ముంచితే అంత లోతు, అంత నలుపు. ఇక్కడ చెయ్యి గీసేది సగమే, మిగతా సగం ఆసిడ్ గీస్తుంది. నలుపును పరచడానికి రోజిన్ పొడి చల్లి, వేడి చేసి అంటిస్తారు. ఆ గరుకులోంచి మేక ఒంటి మీద వెంట్రుక, గోడ మీద పెచ్చు రెండూ ఒకే తీరున వస్తాయి. అటు తరువాత మట్టి, కంచు, గాజు. గాజు వెనక వైపు వేసే బొమ్మకు లెక్కే తిరగబడుతుంది. ముందు కంట్లో మెరుపు పెట్టాలి, తరువాత కన్ను, తరువాత ముఖం, చివరికి ఆకాశం. మట్టి పలకలో గీత అంటే గాడి, దాని నీడే నలుపు. అన్నింట్లోనూ మేక ఉంది. ఒకదానిలో మేక ఇంకొకదానిలో మేక కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్లో ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు అదృష్టవంతులు. 2016లో పద్మశ్రీ వచ్చింది. రావడం ఆలస్యమైందని మేమనుకున్నాం.

వైకుంఠం గారి సంగతి వేరు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి మనిషి, ఆయనా బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గరికి పోయొచ్చినవాడే. పెద్ద బొట్టు, ఎర్రచీర, ముక్కుపుడక ఉన్న ఆయన ఆడమనిషి ఇవాళ సోఫాల దుకాణంలో గోడ మీద కూడా కనిపిస్తుంది. ఆ రంగులు చూసి అందరూ ముచ్చటపడతారు. నాకు మాత్రం ఆయన బొగ్గు బొమ్మలంటేనే పాణం. రంగు లేనప్పుడు ఆ ఆడమనిషి భుజాలు ఎంత వెడల్పో, మెడ ఎంత బలమో తెలుస్తుంది. బొగ్గును పుల్ల అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే వచ్చే నలుపులో రవికె, జుట్టు, ఒళ్లు ఒక్కటే బరువుగా నిలబడతాయి. అదే చేతులు 1988లో వచ్చిన 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నాయి. ఆ సినిమా తీసిన నర్సింగరావు గారు మా శామీర్‌పేట దాటాక వచ్చే ప్రజ్ఞాపూర్ మనిషి, స్వయంగా చిత్రకారుడు. దొర గడిలో గోడల మసకను అంత బాగా చూపించాలంటే బొగ్గు తెలిసినవాళ్లు ఉండాల్సిందే.

మనవరాలు లలితకళలు చదువుతోంది. నా సణుగుడంతా భరించేది అదొక్కటే. ఒకరోజు ఫోన్‌లో ఏదో పెట్టి "తాతా, ఇది చూడు, తరువాత తిట్టు" అంది. దక్షిణాఫ్రికా ఆయన, విలియం కెంట్రిడ్జ్. బొగ్గుతో ఒక పెద్ద బొమ్మ గీస్తాడు, కెమెరాలో ఒకటి రెండు ఫ్రేములు తీస్తాడు, కొంచెం చెరిపి మళ్లీ గీస్తాడు, మళ్లీ తీస్తాడు. అట్లా 1989 నుంచి సినిమాలు చేస్తున్నాడు. నడిచే మనిషి వెనక చెరిపిన మనిషి మసకగా మిగిలిపోతాడు. బొగ్గు పూర్తిగా చెరగదు కదా. మా బడి పలకలు కూడా అంతే, ఎంత తుడిచినా నిన్నటి లెక్కలు కనబడేవి. తిట్టుదామని కూర్చున్నవాణ్ణి చివరిదాకా చూశాను. ఆయన చేసింది ఇదీ: బొగ్గుకున్న లోపాన్నే పట్టుకుని, ఆ దేశంలో గనుల్లో పనిచేసిన మనుషులు, పోయినవాళ్లు ఎట్లా పూర్తిగా పోలేదో చూపించాడు. దానికి చీటీ అక్కర్లేదు.

అదే ఊపులో ఇంకొకటి చూపించింది. రాషెన్‌బర్గ్ అనే అమెరికా ఆయన 1953లో డికూనింగ్ అనే పెద్ద చిత్రకారుడి దగ్గర ఒక బొమ్మ అడిగి తీసుకుని, రబ్బర్లు పెట్టి మొత్తం చెరిపేసి, ఫ్రేము కట్టించాడట. దాని గురించి నా అభిప్రాయం రాయను. పత్రికవాళ్లు వేయరు.

నాకు బాధ ఎక్కడంటే, మనుషులు ఎదురుగా ఉన్నారు. ఈ మేడ్చల్‌లో ఇప్పుడున్నంత రకరకాల మనుషులు ఎప్పుడూ లేరు. అపార్టుమెంట్ల దగ్గర సెంట్రింగ్ కట్టే బిహార్ పిలగాళ్లున్నారు, ఇటుక బట్టీల్లో ఒడిశావాళ్లున్నారు, జీనోమ్ వ్యాలీ కంపెనీల బస్సు దిగి తల వంచుకుని ఫోన్ చూస్తూ నడిచే అమ్మాయిలున్నారు. 2023లో ఎంఎంటీఎస్ రైలు మేడ్చల్ దాకా వచ్చింది. అందులో కూర్చుంటే నిద్రపోయే మనుషులు ఎంతమందైనా దొరుకుతారు. నిద్రపోయేవాడి మెడ ఒరిగే తీరు గీయడానికి ఒక్క చిన్న నోటుబుక్కు చాలు. ఎవరైనా గీస్తారేమోనని చూస్తాను. పుస్తకం తీసినవాడు కనబడడు. తీసినా హెడ్‌ఫోన్ పెట్టుకుని మండలాలు గీస్తుంటాడు, చుట్టూ చుట్లు.

1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మేదినీపూర్ ఊళ్లు తిరిగి, ఎండిపోయిన మనుషులను సిరాతో, కుంచెతో గీశాడు. కొన్ని బొమ్మల కింద మనిషి పేరు, ఊరు రాసుకున్నాడు. 'హంగ్రీ బెంగాల్' అని పుస్తకం వేస్తే తెల్లదొరలు ప్రతులు పట్టుకుని తగలబెట్టారు. ఆ సిరా గీత ఆగదు, వెనక్కి తిరగదు, దిద్దుకోవడానికి టైం లేదు, ఎందుకంటే ఎదురుగా ఉన్న మనిషికి టైం లేదు. ఆయనను చూసి నేర్చుకున్న సోమనాథ్ హోర్ డెబ్బైల్లో 'గాయాలు' అనే వరస చేశాడు. అందులో సిరా లేదు, రంగు లేనట్టే. మట్టి పలకను కత్తితో చీరి, దాని మీద సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితం గుజ్జు పోసి ఎత్తాడు. తెల్ల కాగితం మీద తెల్ల గాటు, అక్కడక్కడ ఎరుపు. మనిషి బొమ్మ లేదు కానీ అది మనిషి చర్మమని చూడగానే తెలుస్తుంది. కొత్త వస్తువు పట్టుకోవడమంటే నా లెక్కలో అదీ.

ఈ మధ్య మనవరాలు శామీర్‌పేట చెరువులో పడింది. చెరువంటే నీళ్లలో కాదు, ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినచోట పూడిక మన్నులో. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక ఎత్తి పొలాలకు తోలుకున్న రైతులను చూశాను. బొమ్మకు తోలుకున్నవాళ్లను ఇప్పుడు చూస్తున్నా. పెరుగు డబ్బాల నిండా తెచ్చి, జల్లెడ పట్టి, చింతగింజల అంబలి కలిపింది. చింతగింజల మాట నేను చెప్పిందే, అది మాత్రం ఒప్పుకోదు. మా పక్క వెంచర్‌లో వాచ్‌మన్‌గా ఉన్న ఒక పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూడు మధ్యాహ్నాలు గీసింది. కూర్చున్నందుకు ఆయనకు కూలి ఇచ్చినవా అని అడిగాను. ఇచ్చానంది. ఆ ఒక్క మాటకు సగం కోపం తగ్గింది.

కుంచె పనికిరాలేదు, మన్ను దానికి అతుక్కుపోయింది. అరచేతి మడమతో తోసి, బొటనవేలితో గీసింది. పూడిక మన్నులో రేగడి పాలు ఎక్కువ, ఎండితే ముడుచుకుని పగుళ్లిస్తుంది. చెల్క మన్నులో ఇసుక ఉంటుంది కాబట్టి అంత పగలదు, అది కలుపు అన్నాను. కలపలేదు. పెద్దాయన బరువంతా ఎక్కడ పడుతుందో అక్కడ, అంటే పిరుదుల కింద, మడమల దగ్గర, కుర్చీ చేతిని పట్టుకున్న ముంజేతి మీద మన్ను దండిగా వేసింది. ముఖం దగ్గర నీళ్లలా పలుచగా లాగి వదిలేసింది. రెండో నాటికి ఎండింది. ఆయన మోకాలు మీది నుంచి పాదం దాకా ఒక పగులు దిగింది. ముఖం మీద ఒక్కటీ లేదు. పని చేసి చేసి కూర్చున్న మనిషి ఒంట్లో బరువు ఎక్కడుంటుందో ఆ పగులు గీసింది. గీతంటే అదేనని దానికి నేను చెప్పలేదు, చెప్తే నెత్తికెక్కుతుంది. మెడ వెనక నీడ తప్పిందని మాత్రం చెప్పాను. అది నిజంగానే తప్పింది.

తరువాత మా ఇద్దరికీ జగడమైంది. పటం కట్టించేటప్పుడు అద్దం మన్నుకు ఆనకుండా మధ్యలో చెక్కపట్టీ పెట్టించు అన్నాను. చింతగింజల జిగురంటే పురుగుకు పండుగ, అందుకని కాగితాన్ని బట్టకు అంటించే జిగురులో చిటికెడు మైలుతుత్తం వెయ్యమన్నాను.

"తిననీ తాతా. రాలిపోవడం కూడా వర్క్‌లో భాగమే" అంది.

"రాలిపోతే కొన్నాయనకు ఏం మిగుల్తది?"

"డాక్యుమెంటేషన్."

"అంటే?"

"ఫోటో."

ఫోటోకే పైసలిచ్చే కాలమైతే ఆ పెద్దమనిషిని ఎర్రటెండలో కూర్చోబెట్టుడెందుకు, ఫోన్‌తో ఒకటి కొట్టుకొస్తే పోయేది కదా అన్నాను. ముఖం మాడ్చుకుని లోపలికి పోయింది. మర్నాడు పొద్దున వంటింట్లో చూస్తే జిగురు గిన్నె నీలంగా ఉంది. చిటికెడు వేయమంటే చెంచాడు వేసింది. ఇంతకూ అది మా ఇంట్లో ఉప్మా చేసే గిన్నె.